గుర్రం మేతలో ధర్మసూక్ష్మం

మనిషి తన అవసరానికి కట్టి పెంచుకునే జంతువుకు కడుపునిండా మేత పెట్టడం ధర్మమని చాలా మతాలు చెబుతాయి. అయితే ఆ ధర్మం ఎక్కడ పూర్తవుతుంది? మంచి మనసుతో ఏదో ఒకటి పెడితే చాలునా? ఏది పెట్టాలో, ఎంత పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో తెలుసుకోవడం కూడా ఆ ధర్మంలో భాగమేనా? ఈ ప్రశ్న ఏ జంతువు విషయంలోనైనా వస్తుంది గాని గుర్రం విషయంలో దానికి పదును ఎక్కువ. గుర్రాన్ని ప్రేమించేవారి చేతుల్లోనే, ఆ ప్రేమతో పెట్టిన తిండి వల్లనే గుర్రాలు జబ్బుపడటం, చనిపోవడం తరతరాలుగా జరుగుతూ వస్తోంది. గుర్రం మేత గురించి పాతుకుపోయిన అపోహలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే, వాటి మూలం పశువైద్యం తెలియకపోవడంలోనే కాక, దయ అంటే ఏమిటన్న అవగాహనలో కూడా ఉందని తేలుతుంది.

కట్టినవాడి బాధ్యత

గృహస్థు నిత్యం చేయవలసిన పంచమహాయజ్ఞాలలో భూతయజ్ఞం ఒకటి. తాను తినేముందు ఇతర ప్రాణులకు కొంత ఆహారం విడవడం దాని సారం. యూదుల తల్మూద్ కూడా పశువుకు మేత వేయకుండా యజమాని భోజనానికి కూర్చోకూడదని నిర్దేశించింది. జైనుల తత్త్వార్థసూత్రం శ్రావకుడి అహింసావ్రతానికి భంగం కలిగించే తప్పులను ఐదుగా లెక్కించింది: కట్టివేయడం, కొట్టడం, అవయవాలు కోయడం, మోయలేని బరువు మోపడం, అన్నపానాలు అందకుండా చేయడం. ఇస్లాం హదీసులలో ఒక పిల్లిని బంధించి నరకానికి పోయిన స్త్రీ ప్రస్తావన ఉంది. ఆమె తాను తిండి పెట్టలేదు, బయటికి వదిలి దాని తిండి దాన్ని వెతుక్కోనివ్వనూ లేదు.

ఈ చివరి ఉదాహరణలో ఒక ముఖ్యమైన సూత్రం దాగి ఉంది. స్వేచ్ఛగా తిరిగే జంతువు ఏ గడ్డి తినాలో, ఎక్కడ నీళ్ళు తాగాలో, ఎప్పుడు కదిలిపోవాలో తానే చూసుకుంటుంది. దాన్ని కట్టేసిన క్షణంలో మనిషి దాని తిండిని మాత్రమే కాదు, ఎంచుకునే అవకాశాన్ని కూడా తన చేతిలోకి తీసుకుంటాడు. కనుక ఆ ఎంపిక సరిగా చేయవలసిన భారం కూడా అతనిదే అవుతుంది. లాయంలో ఉన్న గుర్రం తన ముందు పెట్టిన తొట్టిలో ఉన్నదే తినాలి. అందులో లేనిది దానికి ఈ లోకంలో లేనట్టే.

అయినా శాస్త్రాలు, చట్టాలు ఎక్కువగా పేరుపెట్టి చెప్పినది తిండి పెట్టకపోవడమనే నేరాన్నే. భారతదేశంలో 1960లో వచ్చిన జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్‌లో కూడా యజమాని తగినంత ఆహారం, నీరు, నీడ కల్పించకపోవడాన్ని క్రూరత్వంగా పేర్కొన్నారు. ఆకలితో మాడ్చడం ఎవరి కంటికైనా కనిపిస్తుంది. తప్పుడు తిండి పెట్టడం మాత్రం చూసేవారికి ఔదార్యంలా కనిపిస్తుంది, పెట్టేవారికి పుణ్యంలా తోస్తుంది. అందువల్లనే ఆ రెండో హింస ఎవరి దృష్టికీ రాకుండా సాగిపోతుంది.

గుర్రం శరీరం అడిగేది

గుర్రం గడ్డి మైదానాలలో పరిణామం చెందిన జంతువు. స్వేచ్ఛగా ఉన్నప్పుడు రోజులో సగానికి పైగా సమయం మేస్తూనే గడుపుతుంది. ఒక్కోసారి కొద్దికొద్దిగా, దాదాపు ఎడతెగకుండా తినడం దాని పద్ధతి. దాని జీర్ణవ్యవస్థ అంతా ఈ పద్ధతికి తగ్గట్టే ఏర్పడింది.

అంత పెద్ద జంతువుకు కడుపు మాత్రం చిన్నది. సుమారు 8 నుంచి 15 లీటర్లు పడుతుంది. అందులో ఆమ్లం రాత్రింబవళ్ళు ఊరుతూనే ఉంటుంది. ఆ ఆమ్లాన్ని చల్లార్చేది లాలాజలం, అది ఊరేది నమిలినప్పుడే. కిలో ఎండుగడ్డిని గుర్రం సుమారు మూడు వేల సార్లు నములుతుంది; కిలో గింజలను వెయ్యి సార్ల లోపే నమిలి మింగుతుంది. కాబట్టి గంటల తరబడి ముందు గడ్డి లేని గుర్రం కడుపులో పుండ్లు పడతాయి. కడుపు, చిన్నపేగు దాటాక పెద్దపేగు భాగం మొదలవుతుంది. అది వంద లీటర్లకు పైగా పట్టే పులియబెట్టే తొట్టి. అక్కడ కోట్లాది సూక్ష్మజీవులు గడ్డిలోని పీచును విడగొట్టి గుర్రానికి శక్తినిస్తాయి. ఆవు కూడా గడ్డిని పులియబెట్టే జీర్ణించుకుంటుంది గాని ఆ పని దాని పొట్టలో మొదట్లోనే జరుగుతుంది. తిన్నదాన్ని మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని నెమరు వేస్తుంది. గుర్రానికి నెమరు లేదు. వాంతి చేసుకునే శక్తి కూడా లేదు. ఒకసారి మింగిన తప్పు తిండిని అది బయటికి పంపలేదు. పెట్టినవాడి పొరపాటును దిద్దుకునే దారి దాని శరీరంలో లేదు.

పెట్టే చేతుల్లోని అపోహలు

మొదటి అపోహ: గింజే అసలు తిండి, గడ్డి పొట్ట నింపే పదార్థం. మనిషి తన భోజనంలో ధాన్యానికి ఇచ్చే గౌరవాన్ని గుర్రానికి కూడా ఆపాదించడం వల్ల ఇది పుట్టింది. నిజానికి గుర్రానికి గడ్డే అన్నం. రోజుకు దాని బరువులో కనీసం నూటికి ఒకటిన్నర వంతు, సాధారణంగా రెండు వంతుల ఎండు మేత అవసరం. 400 కిలోల గుర్రానికి ఇది ఆరు నుంచి ఎనిమిది కిలోలు. గింజలు, పప్పులు కష్టమైన పని చేసే గుర్రానికి, పాలిచ్చే ఆడగుర్రానికి, ఎదిగే పిల్లకు అదనంగా ఇచ్చే బలం మాత్రమే. ఒకేసారి ఎక్కువ గింజ వేస్తే దానిలోని పిండిపదార్థం చిన్నపేగులో పూర్తిగా జీర్ణం కాక పెద్దపేగులోకి జారుతుంది. అక్కడ వేగంగా పులిసి ఆమ్లాన్ని పుట్టిస్తుంది, మేలు చేసే సూక్ష్మజీవులు చస్తాయి. ఫలితం భయంకరమైన కడుపునొప్పి, లేదా లామినైటిస్ అనే గిట్టల జబ్బు. ఈ జబ్బులో గిట్ట పెంకును లోపలి ఎముకకు పట్టి ఉంచే పొరలు వాచి వదులవుతాయి. ముదిరితే గుర్రం నిలబడలేదు.

ఇక్కడ సంప్రదాయం చెప్పినదంతా తప్పని అనుకోకూడదు. తెలుగు నేలమీద ఉలవలు తరతరాలుగా పశువులకు, గుర్రాలకు దాణా. వాటిని ఉడికించి పెట్టే అలవాటుకు మంచి కారణం ఉంది: పచ్చి ఉలవల్లో మాంసకృత్తుల జీర్ణాన్ని అడ్డుకునే పదార్థాలు ఉంటాయి, ఉడికిస్తే అవి తగ్గుతాయి. పెద్దలు అనుభవం మీద పట్టుకున్న నిజం అది. తప్పు ఉలవలలో లేదు. గడ్డి తగ్గించి ఉలవలు పెంచడంలో ఉంది.

రెండో అపోహ: మనిషిలాగే గుర్రానికి కూడా పూటకింత చొప్పున రెండు పూటలా పెడితే చాలు. ఇది యజమాని దినచర్యకు అనుకూలం, గుర్రం కడుపుకు ప్రతికూలం. మధ్యలో ఖాళీగా ఉన్న ప్రతి గంటా ఆమ్లం కడుపుగోడను తింటూ ఉంటుంది. విసుగుతో లాయం చెక్కలను కొరకడం, గాలి మింగడం వంటి అలవాట్లకు కూడా మేత లేని గంటలు దోహదం చేస్తాయి.

మూడోది: తీపి పెట్టడం ప్రేమకు గుర్తు. బెల్లం, రొట్టె, బిస్కెట్లు, గుడి ప్రసాదం గుర్రం నోటికి అందించడం చాలామందికి ఒక చిన్న పుణ్యకార్యం. ఒక బెల్లంముక్క ఆరోగ్యంగా ఉన్న గుర్రాన్ని చంపదు. కాని దారిన పోయే ప్రతివాడూ తన పుణ్యం తాను సంపాదించుకుంటే, సాయంత్రానికి ఆ గుర్రం కడుపులో చేరిన చక్కెర, మైదా మొత్తం ఎంతో ఎవరూ లెక్కపెట్టరు. పొడి రొట్టె గొంతులో ఉండకట్టి ఆహారనాళం మూసుకుపోవచ్చు. దాతలు ఎందరైనా పొట్ట ఒక్కటే.

నాలుగోది: మనిషికి, ఆవుకు మంచిదైనది గుర్రానికి కూడా మంచిదే. చరిత్రలో దీనికి ప్రసిద్ధమైన సాక్ష్యం ఉంది. 13వ శతాబ్దం చివర కోరమండల్ తీరాన్ని చూసిన మార్కో పోలో, అక్కడి రాజులు సముద్రం మీదుగా ఏటా వేలాది గుర్రాలను కొనడం, వాటిలో ఎక్కువ భాగం త్వరలోనే చనిపోవడం నమోదు చేశాడు. వాటికి ఉడికించిన మాంసం, అన్నం పెట్టేవారని రాశాడు. పారశీక చరిత్రకారుడు వస్సాఫ్ కూడా అదే తీరంలో వేయించిన గింజలు, వెన్న, కాచిన ఆవుపాలు గుర్రాలకు ఇచ్చేవారని చెప్పాడు. ఆ రాజులు పిసినారులు కారు. తమ ఇంట్లో ఉన్న అతి శ్రేష్ఠమైన ఆహారాన్నే అపురూపమైన ఆ జంతువుల ముందు పెట్టారు. ఆ శ్రేష్ఠత మనుషుల కొలమానం ప్రకారం నిర్ణయమైంది. గుర్రం కొలమానం ఎవరూ అడగలేదు. ఈ కాలంలో ఇదే తప్పు మరో రూపంలో జరుగుతోంది. కోళ్ళ దాణాలో, కొన్ని పశువుల దాణాల్లో కలిపే మోనెన్సిన్ అనే మందు కోడికి, ఆవుకు మేలు చేస్తుంది. గుర్రానికి అది గుండె కండరాన్ని నాశనం చేసే విషం. దాణా దాణాయే కదా అనుకుని ఆ బస్తా విప్పినవాడు ద్వేషంతో ఆ పని చేయడు.

ఐదోది: తవుడు, గోధుమ పొట్టు తేలికైన, చల్లని ఆహారం, ఎంత పెట్టినా పరవాలేదు. వీటిలో భాస్వరం చాలా ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. నెలల తరబడి ఇవే ప్రధాన దాణాగా పెడితే శరీరం కాల్షియం కోసం తన ఎముకలనే కరిగించుకుంటుంది. ముఖపు ఎముకలు ఉబ్బి, కాళ్ళు కుంటుపడతాయి.

ఆరోది: బలిసిన గుర్రం బాగా చూసుకున్న గుర్రం. మహాభారతంలోని నలోపాఖ్యానం ఈ భ్రమను ఎన్నడో సరిదిద్దింది. బాహుకుడి రూపంలో ఉన్న నలుడు ఋతుపర్ణుడి రథానికి సన్నగా ఉన్న గుర్రాలను ఎంచుతాడు. బక్కపలచని గుర్రాలను తెచ్చావేమని రాజు శంకిస్తాడు. కాని దూరభారాన్ని ఒక్క రోజులో దాటించినవి ఆ గుర్రాలే. 1983లో అమెరికాలో డాన్ హెన్నెకె రూపొందించిన పద్ధతిలో గుర్రం ఒంటి తీరును ఒకటి నుంచి తొమ్మిది వరకు అంకెలతో కొలుస్తారు. మధ్య అంకె ఆరోగ్యానికి గుర్తు. ఎనిమిది, తొమ్మిది కూడా ఒకటి, రెండు లాగే ఆందోళన పడవలసిన స్థితులు.

ఏడోది: మూగజీవికి తనకేది కావాలో తెలుసు, వద్దనుకున్నది తినదు. ఉప్పు, నీరు విషయంలో ఇది చాలావరకు నిజం. మిగతా వాటిలో కాదు. గింజల గది తలుపు తెరిచి ఉంటే గుర్రం చావుకు సరిపడేంత తింటుంది. పచ్చి గన్నేరు ఆకు చేదుకు అది దూరంగా ఉండవచ్చు. అదే ఆకు ఎండి గడ్డిలో కలిస్తే తినేస్తుంది, విషం మాత్రం తగ్గదు, కొద్ది ఆకులే ప్రాణం తీస్తాయి. బూజు పట్టిన మొక్కజొన్నలోని విషం గుర్రం మెదడును దెబ్బతీస్తుంది. ప్రకృతి ఇచ్చిన వివేకం ప్రకృతిలో ఉన్న మేతకే సరిపోతుంది. మనిషి మూటగట్టి తెచ్చిన మేతను పరీక్షించే వివేకం మనిషి దగ్గరే ఉండాలి.

ఎనిమిదోది: పని చేసి చెమటలు పట్టిన గుర్రానికి నీళ్ళు ఇవ్వకూడదు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు ముందు ఎండలో గుర్రాల శ్రమపై జరిగిన పరిశోధనలు ఇలాంటి భయాలకు ఆధారం లేదని చూపించాయి. నీరు అందక శరీరం ఎండిపోవడమే పేగుల్లో మేత గట్టిపడి అడ్డుపడటానికి పెద్ద కారణం. జాగ్రత్త అనే పేరుతో ఇక్కడ దాహం శిక్షగా మారుతుంది.

చివరిది అన్నిటికంటే బాధాకరమైనది: ఆకలితో చిక్కి శల్యమైన గుర్రానికి వెంటనే కడుపునిండా దాణా పెట్టాలి. చాలాకాలం తిండి లేని శరీరం తన కొవ్వును, కండను తిని బతుకుతూ ఉంటుంది. ఒక్కసారిగా గింజ పడితే ఇన్సులిన్ పెరిగి, రక్తంలో ఉన్న కొద్దిపాటి భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి పోతాయి. కొద్ది రోజుల్లో గుండె, ఊపిరి ఆగిపోవచ్చు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ పశువైద్య కళాశాల పరిశోధనలు ఇలాంటి గుర్రాలకు లూసర్న్ గడ్డిని కొద్దికొద్దిగా, రోజుకు అనేకసార్లు, రోజులు గడిచే కొద్దీ పెంచుతూ ఇవ్వడం మేలని తేల్చాయి. ఆకలిని చూసి కన్నీరు పెట్టుకున్నవాడు ఆ కన్నీటిని కాసేపు అదుపు చేసుకుని పిడికెడు గడ్డి దగ్గర ఆగగలగాలి. దయకు ఇంతకంటే కఠినమైన పరీక్ష అరుదు.

తెలియక చేసినది తప్పేనా

ఈ అపోహలను నమ్మి గుర్రానికి హాని చేసినవాడు దోషా, నిర్దోషా? ఈ ప్రశ్నపై భారతీయ దర్శనాలలో పాత వివాదమే ఉంది. బుద్ధుడు సంకల్పాన్నే కర్మగా చెప్పాడు. ఆ లెక్కన ప్రేమతో పెట్టినవాడికి ద్వేషంతో విషం పెట్టినవాడి పాపం అంటదు. జైనుల సూత్రకృతాంగం ఉద్దేశాన్ని మాత్రమే చూసి హింసను కొలిచే ఈ పద్ధతిని తీవ్రంగా ఖండించింది. పోయిన ప్రాణం పోయినట్టే.

అయితే రెండు సంప్రదాయాలూ లోతుగా వెళ్ళినచోట దగ్గరవుతాయి. బౌద్ధుల మిలిందపన్హలో మిలింద రాజు, తెలిసి పాపం చేసినవాడికి ఎక్కువ అపుణ్యమా, తెలియక చేసినవాడికా అని అడుగుతాడు. తెలియక చేసినవాడికే అంటాడు నాగసేనుడు. ఎర్రగా కాలిన ఇనుపగుండు అని తెలియక పట్టుకున్నవాడి చెయ్యే ఎక్కువ కాలుతుందని కారణం చెబుతాడు. తెలిసినవాడు జంకుతూ ముట్టుకుంటాడు; తెలియనివాడు గట్టిగా పట్టుకుంటాడు. గుర్రం మేత విషయంలో ఈ మాట అక్షరాలా నిజం. క్రూరుడు ఒకసారి మేత ఎగ్గొట్టి ఆగుతాడు; అపోహలో ఉన్న ప్రేమికుడు ప్రతిరోజూ, రెండు చేతులా, తృప్తిగా పెడుతూనే ఉంటాడు.

తత్త్వార్థసూత్రం హింసను నిర్వచించినప్పుడు ఏమరుపాటును దాని మూలంగా చెప్పింది. అరిస్టాటిల్ కూడా తన నీతిశాస్త్రంలో, తెలుసుకోగలిగి ఉండి అశ్రద్ధ వల్ల తెలుసుకోని మనిషిని చట్టం శిక్షిస్తుందని గుర్తుచేశాడు. కౌటిల్యుడి అర్థశాస్త్రం ఇదే భావాన్ని లెక్కల్లోకి తెచ్చింది. అశ్వాధ్యక్షుడి ప్రకరణంలో గుర్రాల తరగతిని బట్టి దాణా కొలతలు నిర్ణయించి, చికిత్సలో అశ్రద్ధ వల్ల జబ్బు ముదిరితే ఖర్చుకు రెట్టింపు జరిమానా, జంతువు చనిపోతే దాని వెల కట్టాలని చెప్పింది. ఇవన్నీ కలిపి చూస్తే ఒక తీర్పు తేలుతుంది: తెలుసుకునే దారే లేనివాడి అజ్ఞానం దోషం కాదు, దారి ఉండి అడగనివాడి అజ్ఞానం దోషమే. గుర్రాన్ని కట్టేసినవాడికి ఆ దారి వెతకడం మొదటి కర్తవ్యం.

తెలుసుకోవడమూ దయలో భాగమే

ప్లేటో రాసిన యూథిఫ్రో సంవాదం దైవభక్తి అంటే ఏమిటన్న ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. దేవతలను సేవించడమే భక్తి అని యూథిఫ్రో అన్నప్పుడు సోక్రటీస్ గుర్రాలను ఉదాహరణగా తెస్తాడు. గుర్రాలను చూసుకోవడం అందరికీ తెలియదు, అశ్వవిద్య తెలిసినవారికే తెలుసు. చూసుకోవడమంటే చూసుకోబడేదానికి మేలు జరగాలి అంటాడు. సేవ అనే పేరు సేవించేవాడి భావాన్ని బట్టి రాదని, అందుకున్నదానికి కలిగిన మేలును బట్టి వస్తుందని ఆ వాదన నుంచి గ్రహించవచ్చు. భగవద్గీత పదిహేడో అధ్యాయం దానాన్ని మూడు విధాలుగా విడగొట్టినప్పుడు కూడా దేశం, కాలం, పాత్రత చూసి ఇచ్చినదాన్నే సాత్త్వికమని చెప్పి, అవి చూడకుండా ఇచ్చినదాన్ని తామసమని చెప్పింది. పాత్రతను మామూలుగా పుచ్చుకునేవారి యోగ్యతగా అర్థం చేసుకుంటారు. గుర్రం విషయంలో దాన్ని ఆ ప్రాణి శరీర స్వభావంగా అర్థం చేసుకోవడం సముచితం.

మన పూర్వులు అశ్వవిద్యను శాస్త్రంగా గౌరవించిన కారణం ఇదే. శాలిహోత్రుడి పేరుతో అశ్వవైద్యం నిలిచింది. విరాటుడి కొలువులో నకులుడు గ్రంథికుడనే పేరుతో అశ్వపాలకుడిగా చేరినప్పుడు తనకు గుర్రాల శిక్షణ, చికిత్స తెలుసునని చెప్పుకున్నాడు. గుర్రాలంటే ఇష్టమని మాత్రమే చెప్పి ఊరుకోలేదు. తెలుగులో మనుమంచిభట్టు హయలక్షణ విలాసం రచించాడు. రాజపుత్రుడు గుర్రాల పనికి దిగడం, కవి గుర్రాలపై కావ్యం చెప్పడం ఆ విద్యకున్న గౌరవానికి సాక్ష్యం.

అయితే ఈ బాధ్యత గుర్రపు యజమాని ఒక్కడిదే అనడం అన్యాయం. జట్కా తోలేవాడు, పెళ్ళి ఊరేగింపులకు గుర్రాన్ని అద్దెకిచ్చేవాడు, కేదార్‌నాథ్ దారిలో యాత్రికులను మోసే గుర్రాన్ని నడిపేవాడు చాలావరకు పేదవారు. మంచి ఎండుగడ్డి కొనే స్తోమత, గుర్రాన్ని గంటల తరబడి మేయనిచ్చే తీరిక వారికి దొరకవు. వారి అజ్ఞానంలో సగం లేమి. ఆ గుర్రం వీపు మీద కూర్చుని సేవ పొందేవాడికి కూడా దాని కడుపుతో సంబంధం ఏర్పడుతుంది. బెల్లంముక్క అందించి పుణ్యం వచ్చిందనుకోవడం కంటే, నీళ్ళ తొట్టి దగ్గర ఆగనివ్వడం, మజిలీలో మేతకు సమయం ఇవ్వడం, తొందరపెట్టకపోవడం, న్యాయమైన కూలి చెల్లించడం ఆ ప్రాణికి చేరే నిజమైన దానాలు. యజమానులకు పశువైద్యుడి సలహా, మంచి మేత అందేలా చూడడం సమాజం చేయవలసిన భూతయజ్ఞం.

గుర్రానికి సరైన మేత నియమాలు కష్టమైనవి కావు. రోజంతా అందుబాటులో శుభ్రమైన గడ్డి, ఎప్పుడూ నీరు, నాకడానికి ఉప్పు. గింజ అవసరమైతే చేసే పనికి తగ్గట్టు, కొద్దికొద్దిగా. మేత మార్చవలసివస్తే వారం పది రోజుల పాటు నెమ్మదిగా. బూజు పట్టినది, మరో జంతువు కోసం కలిపినది ఎన్నడూ వద్దు. వీటిని పాటించడానికి పాండిత్యం అక్కరలేదు. తనకు ఇష్టమైనది పెట్టాలనే కోరికను అణచుకుని, ఎదుటి ప్రాణికి ఏది హితమో అడిగి తెలుసుకునే వినయం ఉంటే చాలు. ఆ వినయం లేని దయ పెట్టేవాడి తృప్తి దగ్గర ఆగిపోతుంది. అది ఉన్న దయ తినేదాని ఒంటికి అందుతుంది. అన్నం పెట్టడమనే ధర్మం అక్కడ పూర్తవుతుంది.